గిటార్ రిపేర్ షాపులో పార్టుల లెక్క: కొలత రాయనిదే డబ్బాలో వేయొద్దు

షాపు సెలవు రోజు ఒకటి చూసుకుని, నేల మీద పాత దుప్పటి పరిచి, ప్రతి డబ్బా, ప్రతి డ్రాయరు, బల్ల కింద తోసేసిన ప్రతి అట్టపెట్టె తెచ్చి దాని మీద కుమ్మరించండి. పని ఇక్కడే మొదలవుతుంది. ఏ యాప్ వాడాలి, ఎక్సెల్‌లో ఎన్ని గడులు పెట్టాలి అన్నవన్నీ తర్వాత చూసుకోవచ్చు. మన దగ్గర ఏముందో కళ్లతో చూడకుండా రాసిన లెక్క నిలబడదు.

నాది విశాఖపట్నంలో చిన్న షాపు. ఒక బల్ల, రెండు రాక్‌లు, నాతో పాటు పని నేర్చుకుంటున్న ఒక కుర్రాడు. చాలా ఏళ్లు నేను కూడా డబ్బాల మీద "కీలు" (స్ట్రింగ్స్ బిగించే చెవులు), "పాట్‌లు" (వాల్యూమ్, టోన్ తిప్పే కంట్రోళ్లు), "నట్‌లు" (మెడ పైకొసన స్ట్రింగ్స్ ఆనే గాడుల పట్టీలు) అని రాసుకుని అదే లెక్క అనుకున్నాను. ఒక శనివారం సాయంత్రం గాజువాక నుంచి ఒక తమ్ముడు గిటార్ పట్టుకొచ్చాడు. మూడో స్ట్రింగ్ కీ గేరు అరిగిపోయి తిరగడం లేదు, మర్నాడు పొద్దున్నే చర్చిలో వాయించాలి. ఆ రోజు నా డ్రాయర్లో 14 ట్యూనింగ్ కీలున్నాయి, ఒక్కటీ పట్టలేదు. అతని గిటార్ హెడ్‌లో రంధ్రం 10 మిల్లీమీటర్లు, నా దగ్గరున్నవన్నీ సన్న రంధ్రాలకు సరిపోయే పాత రకం. "ఇన్ని ఉన్నాయి కదన్నా" అన్నాడు. ఏం చెప్పాలో తోచక నా సొంత గిటార్ ఇచ్చి పంపాను. ఆ రాత్రే డబ్బాల మీది పేర్లన్నీ చింపేశాను. ఇక్కడ చెప్పేదంతా అప్పటి నుంచి నేను చేస్తున్నదే.

దుప్పటి మీద పోసిన దాన్ని నాలుగు కుప్పలు చేయండి: కొత్తవి, పాత గిటార్ల నుంచి ఊడదీసినవి, కస్టమర్లవి, ఏమిటో తెలియనివి. మూడో కుప్ప దగ్గర చాలా జాగ్రత్తగా ఉండాలి. పికప్ (స్ట్రింగ్ కంపనాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం) మార్చినప్పుడు తీసిన పాత పికప్, కొత్త కీలు బిగించాక మిగిలిన పాత ఆరు కీలు, ఇవన్నీ గిటార్ యజమాని సొత్తు. మనకు తుక్కులా కనిపించొచ్చు, కానీ అది వాళ్ల నాన్నగారు వాయించిన గిటార్ అయితే ఆ తుప్పు పట్టిన కీ కూడా వాళ్లకు కావాలి. జిప్ కవర్లో వేసి, జాబ్ నంబర్, తేదీ రాసి, గిటార్‌తో పాటే చేతికివ్వండి. వద్దంటే "పాత పార్టులు షాపుకి వదిలేశాను" అని జాబ్ కార్డు మీద రాయించి సంతకం పెట్టించుకోండి. అప్పటివరకు ఆ కవరు మీ డబ్బాల్లోకి రాకూడదు, వేరే అరలో ఉండాలి. ఒక్కసారి కస్టమర్ సామాను మన సామానులో కలిసిందంటే లెక్క తప్పడం అటుంచి, నమ్మకం పోతుంది. ఏమిటో తెలియని కుప్పకు మాత్రం ఒక గంట కంటే ఎక్కువ కేటాయించొద్దు. మల్టీమీటరు, కొలిచే పరికరం దగ్గర పెట్టుకుని తేలినవి ఉంచండి, తేలనివి పాత ఇనుముకు వేసేయండి.

కొలత ఎలా రాయాలి

డిజిటల్ వెర్నియర్ కాలిపర్ ఒకటి కొనండి. ఖరీదైనది అక్కర్లేదు, మిల్లీమీటర్‌లో పదో వంతు చూపిస్తే చాలు. ఇది లేకుండా మిగతాదేదీ మొదలుపెట్టొద్దు.

ట్యూనింగ్ కీలతో మొదలుపెడదాం, ఎందుకంటే షాపుకొచ్చే చిన్న రిపేర్లలో ఇవే ఎక్కువ. గేరు మూసి ఉండే ఇప్పటి సీల్డ్ కీలకు హెడ్ రంధ్రం 10 మి.మీ. దగ్గర ఉంటుంది, పాత తరహా వాటికి 8.7 లేదా 8.8. మూడు ఇటు మూడు అటు ఉండే హెడ్‌కి ఎడమ కీలు, కుడి కీలు వేరు, అవి ఒకదానికొకటి అద్దంలో బొమ్మల్లా ఉంటాయి, ఆరూ ఒకే వైపు ఉండే హెడ్‌కి ఆరూ ఒకటే. వెనక స్క్రూ రంధ్రం అడ్డంగా ఉందా, ఏటవాలుగా ఉందా, స్క్రూ బదులు రెండు చిన్న పిన్నులున్నాయా అన్నది కూడా చూడాలి, లేకపోతే పాత స్క్రూ గుర్తు పక్కనే కొత్త రంధ్రం చేయాల్సి వచ్చి హెడ్ వెనక భాగం అసహ్యంగా తయారవుతుంది. నైలాన్ స్ట్రింగ్స్ వేసే క్లాసికల్ గిటార్‌లో మూడు కీలు ఒకే పట్టీ మీద ఉంటాయి, అక్కడ స్ట్రింగ్ చుట్టే పోస్టుకీ పోస్టుకీ మధ్య దూరం ముఖ్యం, మామూలుగా 35 మి.మీ. కాబట్టి నా డబ్బా మీద ఇప్పుడు "కీ, 10 మి.మీ., 3+3, ఎడమ, ఏటవాలు స్క్రూ, క్రోమ్" అని ఉంటుంది. పొడుగ్గానే ఉంది, కానీ ఆ డబ్బా తెరవకుండానే పట్టేదీ పట్టనిదీ తెలిసిపోతుంది. ఇంకో మాట, 10 మి.మీ. రంధ్రంలో పాత రకం కీ కూర్చోబెట్టడానికి కన్వర్షన్ బుషింగ్‌లు, అంటే రంధ్రాన్ని సన్నం చేసే రింగులు, దొరుకుతాయి. రెండు సెట్లు ఎప్పుడూ ఉంచుకోండి. ఆ శనివారం నా దగ్గర అవి ఉంటే ఆ అబ్బాయి తన గిటార్‌తోనే వెళ్లేవాడు.

నట్‌లు, శాడిల్‌ల (బ్రిడ్జ్ మీద స్ట్రింగ్స్ ఆనే పట్టీల) విషయంలో నా సలహా, గాడులు కోసి వచ్చే రెడీమేడ్ వాటిని తగ్గించి, కోయని బోన్ (ఎముక) ముక్కలు ఎక్కువగా పెట్టుకోండి. నట్ పొడవు ఎలక్ట్రిక్‌కి 42 మి.మీ., అకౌస్టిక్‌కి 43, కొన్నింటికి 45, క్లాసికల్‌కి 52, ఇలా ప్రతి సైజూ రెడీమేడ్‌గా కొంటూ పోతే డబ్బు డబ్బాల్లోనే ఉండిపోతుంది. 45 దాటిన బోన్ ముక్క ఒకటి మొదటి మూడింటికీ అరగదీసి సరిపెట్టొచ్చు, క్లాసికల్‌కి మాత్రం పొడవాటిది వేరే కావాలి. శాడిల్‌కి పొడవు కంటే మందం ముఖ్యం. గాడి ఎక్కువగా 2.4 మి.మీ. లేదా 3.2 మి.మీ. దగ్గర ఉంటుంది, మందం ఎక్కువున్నది అరగదీయొచ్చు, తక్కువున్నది వేస్తే ముందుకు వాలిపోయి ట్యూనింగ్ చెడగొడుతుంది. కోసి, అరగదీసి సరిపెట్టగలిగే సామాను ఏదైనా సరే, పెద్ద సైజుదే కొని ఉంచండి. ఫ్రెట్ వైరు (మెడ మీద అడ్డంగా దిగగొట్టే లోహపు తీగ) కూడా అంతే, ముక్కల సెట్ల కంటే పొడవు వైరు నయం, ఒక గిటార్‌కి సుమారు ఒకటిన్నర మీటరు పడుతుంది. వైరు చుట్ట మీద తల వెడల్పు, తల ఎత్తు, చెక్కలోకి దిగే కాలి మందం, మూడూ రాయండి. తల వెడల్పు ఒక్కటే రాస్తే రెండు మూడు ఫ్రెట్‌లు మాత్రమే మార్చే పని వచ్చినప్పుడు ఎత్తు కలవక ఇబ్బంది పడతారు.

పాట్‌ల దగ్గర అందరూ తప్పు చేస్తారు. 250 కె, 500 కె (కిలో ఓమ్‌లు) అని రెండు కుప్పలు చేసి వదిలేస్తారు. ఒకే తీగచుట్ట ఉన్న సింగిల్ కాయిల్ పికప్‌లకు 250, రెండు చుట్టలున్న హంబకర్లకు 500 అన్నది నిజమే, బ్యాటరీతో నడిచే కొన్ని యాక్టివ్ పికప్‌లకు 25 కె కూడా కావాలి, కానీ అది మొదటి మెట్టు మాత్రమే. రెండోది టేపర్, అంటే తిప్పేకొద్దీ విలువ మారే తీరు, ఏ అంటే ఆడియో, బీ అంటే లీనియర్. రాత చెరిగిపోయిన పాట్ దొరికితే సరిగ్గా సగానికి తిప్పి, మధ్య కాలికీ చివరి కాలికీ మల్టీమీటరు పెట్టండి. రెండు వైపులా ఇంచుమించు సగం సగం చూపిస్తే లీనియర్, ఒక వైపు బాగా తక్కువ, ఇంకో వైపు బాగా ఎక్కువ చూపిస్తే ఆడియో. మూడోది దూరాల్సిన రంధ్రం, చిన్న మెట్రిక్ పాట్‌లకు 7 మి.మీ., పెద్ద వాటికి 9.5 మి.మీ. నాలుగోది పైన కాడ, నున్నగా ఉందా పళ్లున్నాయా, పళ్లుంటే 18 పళ్లా 24 పళ్లా. 24 పళ్ల కాడకు చేసిన నాబ్ (పైన తిప్పే పిడి) 18 పళ్ల కాడ మీద బలవంతంగా నొక్కితే పగులుతుంది. నాలుగూ రాస్తేనే ఆ డబ్బా మీద రాత పూర్తయినట్టు.

జాక్‌లు (కేబుల్ దూర్చే సాకెట్లు) చిన్నవే, కానీ ఒక సంగతి కుర్రాళ్లకు మొదటి రోజే చెప్పండి. బ్యాటరీ ఉన్న గిటార్‌లో స్టీరియో జాక్ ఉండేది స్టీరియో శబ్దం కోసం కాదు, కేబుల్ దూర్చినప్పుడు ప్లగ్ దానిలోని రెండు కాంటాక్ట్‌లను కలిపి బ్యాటరీని ఆన్ చేస్తుంది. అక్కడ మామూలు మోనో జాక్ వేస్తే ఆ స్విచ్ పని ఉండదు, ప్రీయాంప్ (గిటార్ లోపల శబ్దం పెంచే సర్క్యూట్) పలకదు, నేరుగా కలిపేస్తే గిటార్ వాడకపోయినా బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. అందుకే మోనోవి, స్టీరియోవి, అకౌస్టిక్ అడుగున వచ్చే పొడుగు ఎండ్‌పిన్ జాక్‌లు, మూడూ వేర్వేరు డబ్బాల్లో ఉండాలి. కెపాసిటర్ల గురించి ఆలోచించాల్సింది ఏమీ లేదు, 223 అని ఉంటే 0.022 మైక్రోఫారడ్, 473 అని ఉంటే 0.047. చవక, ఊళ్లో ఎలక్ట్రానిక్స్ విడిభాగాల షాపులో దొరుకుతాయి, ఒకేసారి పాతిక తెచ్చి పడేయండి, వాటిని రోజూ లెక్కపెట్టక్కర్లేదు.

ఎలక్ట్రిక్ బ్రిడ్జ్‌కి మొదటి స్ట్రింగ్ నుంచి ఆరో స్ట్రింగ్ దాకా దూరం రాయండి. పిడి నొక్కి స్వరం ఊపే ట్రెమెలో బ్రిడ్జ్‌లలో 52.5 ఉన్నవీ, 54 దగ్గరవీ, 56 దగ్గరవీ ఉన్నాయి, ఫొటోలో మూడూ ఒకేలా కనిపిస్తాయి. ఆన్‌లైన్‌లో ఫొటో చూసి ఆర్డర్ పెట్టి నేను పోగొట్టుకున్న డబ్బులో ఎక్కువ వంతు వీటి మీదే పోయింది.

స్ట్రింగ్స్‌ని సెట్లుగానూ, విడిగానూ

ఏడాదంతా అమ్ముడుపోయేవి స్ట్రింగ్స్, కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ ఆలోచించాలి. సెట్లు నాలుగు రకాలు ఉంటే చిన్న షాపుకి రోజు గడుస్తుంది, అకౌస్టిక్‌కి 11-52, 12-53, ఎలక్ట్రిక్‌కి 9-42, 10-46 (ఈ అంకెలు మొదటి, ఆరో స్ట్రింగ్‌ల గేజ్, అంటే మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో). క్లాసికల్ నైలాన్ రెండు సెట్లు పక్కన ఉంచండి, అంతకంటే అక్కర్లేదు, కానీ స్టీల్ స్ట్రింగ్స్ వేసి క్లాసికల్ గిటార్ బ్రిడ్జ్ లేపేసుకున్నవాళ్లు వస్తూనే ఉంటారు, వాళ్లకు అప్పటికప్పుడు నైలాన్ చూపించగలగాలి.

ఇక విడి స్ట్రింగ్స్. తెగేది ఎక్కువగా మొదటిది, తర్వాత రెండోది. ఒక్క స్ట్రింగ్ తెగినందుకు సెట్ మొత్తం కొనమంటే కాలేజీ పిల్లలకు బరువు. చుట్టు లేని ప్లెయిన్ స్ట్రింగ్ అకౌస్టిక్‌కీ ఎలక్ట్రిక్‌కీ ఒకటే, రెండూ ఉత్త స్టీలే. 11 గేజ్ ప్లెయిన్ ఒక డజను ఉందనుకోండి, అది 11-52 అకౌస్టిక్ సెట్‌లో మొదటిది, 9-42 ఎలక్ట్రిక్ సెట్‌లో రెండోది. 16 గేజ్ అయితే 12-53 సెట్‌లో రెండోది, 9-42లో మూడోది. కాబట్టి విడి స్ట్రింగ్స్ డబ్బా మీద "అకౌస్టిక్ ఫస్ట్" అని రాయొద్దు, గేజ్ రాయండి. 9, 10, 11, 12, 13, 15, 16, 17, ఈ ఎనిమిది గేజ్‌లు డజను చొప్పున ఉంటే ఆ నాలుగు సెట్లలోని ప్లెయిన్ స్ట్రింగ్స్ అన్నీ మీ దగ్గరున్నట్టే.

ఎన్ని ఉంచుకోవాలి

దీనికి ఊహ వద్దు, జాబ్ కార్డులే చెప్తాయి. గత మూడు నెలల కార్డులు తీసి, ఏ పార్టు ఎన్నిసార్లు వాడారో ఒక కాగితం మీద గీతలు పెట్టండి. నా దగ్గర తేలింది ఏమిటంటే, పదిహేను పదహారు రకాల సామానే మళ్లీ మళ్లీ పోతోంది, మిగతావన్నీ ఏడాదికి ఒకటో రెండో. ఆ పదహారింటికే గట్టి లెక్క పెట్టండి, మిగతావాటికి ఉన్నాయో లేవో తెలిస్తే చాలు.

లెక్క ఇలా వేస్తాను. నెలకు 12-53 సెట్లు 12 పోతున్నాయనుకోండి. ఆర్డర్ పెట్టాక సరుకు చేతికి రావడానికి 10 రోజులు పడుతుందనుకోండి. ఆ 10 రోజుల్లో 4 సెట్లు పోతాయి. సరుకు ఆలస్యమైతే ఉండాలని ఇంకో 3 కలపండి. మొత్తం 7. డబ్బాలో 7 మిగిలిన రోజు ఆర్డర్ పెట్టాలి, సున్నా అయ్యాక కాదు. ఈ 7 అనే అంకెను డబ్బా మూత మీదే ఎర్ర మార్కర్‌తో రాసేయండి, పుస్తకం తెరిస్తేనే తెలిసే అంకె పనిరోజుల్లో ఎవరికీ గుర్తుండదు. స్క్రూలు, స్ప్రింగులు, బ్రిడ్జ్ పిన్నులు లాంటివి ఒక్కొక్కటీ లెక్కపెట్టడం కుదరదు, వాటికి ఒక సులువు పద్ధతి ఉంది. రెండు ప్యాకెట్లు కొనండి, ఒకటి విప్పి డబ్బాలో పోయండి, రెండోది సీలు తీయకుండా అదే డబ్బా అడుగున పెట్టండి. రెండోది విప్పిన రోజే ఆర్డర్ జాబితాలో రాయండి.

ఆ 10 రోజులు అన్ని నెలల్లో ఒకేలా ఉండవు. విశాఖకు మంచి గిటార్ సామాను ఎక్కువగా బయటి నుంచే రావాలి, కోల్‌కతా లాల్‌బజార్ నుంచో, ముంబయి, బెంగళూరు నుంచో. అక్టోబరు, నవంబరు మన తీరానికి తుపాన్ల కాలం, ఒక్కసారి వాయుగుండం పట్టిందంటే పార్సిళ్లు ఎక్కడ ఆగుతాయో తెలియదు. సరిగ్గా అప్పుడే క్రిస్మస్ ప్రాక్టీసులు మొదలై నవంబరు నుంచి చర్చి గిటార్లు వరసగా వస్తాయి. అందుకని క్రిస్మస్‌కి కావాల్సిన స్ట్రింగ్స్, కీలు, జాక్‌లు, 9 వోల్టుల బ్యాటరీలు నేను సెప్టెంబరు నెలాఖరుకే తెప్పించి పెట్టుకుంటాను, మామూలు నెలకు రెట్టింపు. వేసవి సెలవుల్లో క్లాసులకు చేరే చిన్నపిల్లల కోసం ముప్పావు సైజు గిటార్లు వస్తాయి, వాటికి మామూలు సెట్లే సరిపోతాయి కాబట్టి కొత్తగా ఏమీ అక్కర్లేదు.

ఎప్పుడో ఒకసారి పోయే ఖరీదైన సామాను, లాకింగ్ ట్రెమెలో బ్రిడ్జ్‌లు, మంచి పికప్‌లు, ప్రీయాంప్‌లు, ఇవి ముందే కొని పెట్టొద్దు. కస్టమర్ అడిగితే పార్టు ధర మొత్తం అడ్వాన్స్ తీసుకుని అప్పుడే తెప్పించండి. అడగడానికి మొహమాటపడి నేను ఒకసారి నా డబ్బుతో లాకింగ్ బ్రిడ్జ్ తెప్పించాను, అడిగినతను ఉద్యోగం వచ్చి ఊరు వెళ్లిపోయాడు, ఆ బ్రిడ్జ్ నాలుగేళ్లు అరలో ఉంది. ఆ డబ్బుతో ఏడాదికి సరిపడా బోన్ ముక్కలు వచ్చేవి.

ఉప్పుగాలి

ఇది మన ఊళ్లో షాపు పెట్టినవాళ్లకే తెలిసే బాధ. బయటి ఊళ్లవాళ్లు రాసిన సలహాల్లో పార్టులు ట్రేలలో ఓపెన్‌గా పెట్టుకోండి, చేతికి అందేలా ఉంటాయి అంటారు. ఇక్కడ అలా పెడితే ఒక వర్షాకాలం గడిచేసరికి ఇనుప స్క్రూల తలలు ఎర్రబడతాయి, ప్లెయిన్ స్ట్రింగ్స్ మీద నల్ల చుక్కలు వస్తాయి, పాట్‌ల కాళ్లు మసకబారి టంకం పట్టదు. బీచ్ రోడ్డు వైపు షాపైతే ఇంకా త్వరగా.

గాలి దూరని రబ్బరు అంచు ప్లాస్టిక్ డబ్బాలు కొనండి, వంటింట్లో పప్పులు పోసుకునేవే. ప్రతి డబ్బాలో సిలికా జెల్ సంచి వేయండి, తేమ పీల్చితే నారింజ నుంచి ఆకుపచ్చకు రంగు మారే రకం తీసుకుంటే ఎప్పుడు మార్చాలో కంటికే తెలుస్తుంది. రంగు మారిన గింజలను సంచిలోంచి తీసి సన్న సెగ మీద వేడి చేస్తే తేమ పోయి మళ్లీ పనికొస్తాయి. వంటకు వాడే మూకుడు మాత్రం వాడొద్దు, దానికి పాతది ఒకటి వేరే పెట్టుకోండి. కాగితం కవర్లలో వచ్చే చవక స్ట్రింగ్స్‌ను వచ్చిన రోజే జిప్ కవర్లోకి మార్చండి. సీల్ చేసిన ప్లాస్టిక్ సంచిలో వచ్చే సెట్లను కస్టమర్ ముందే విప్పండి, "ఎలా ఉందో చూద్దాం" అని ముందే చింపితే ఆ రోజు నుంచే తుప్పు మొదలు. ముందొచ్చినది ముందు పోవాలి, కాబట్టి కొత్త సరుకు ఎప్పుడూ వెనక పెట్టండి, ప్యాకెట్ మీద నెల, సంవత్సరం రాయండి. చెమట చేతులతో స్ట్రింగ్స్, ఫ్రెట్ వైరు ముట్టుకోవద్దని కుర్రాడికి గట్టిగా చెప్పండి. స్క్రూలు సాధ్యమైనంతవరకు స్టెయిన్‌లెస్ తీసుకోండి, సాధారణ సైజులు పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల హార్డ్‌వేర్ షాపుల్లో అడిగితే దొరుకుతాయి, గిటార్ స్క్రూ అని అడగొద్దు, పాత స్క్రూ చేతిలో పట్టుకెళ్లి చూపించండి.

జిగురుకి కూడా వయసుంటుంది. ఇన్‌స్టంట్ జిగురు పెద్ద సీసా విప్పితే ఈ తేమకు కొన్ని నెలల్లో గట్టిపడిపోతుంది, చిన్న ట్యూబులే కొని, బిగుతు డబ్బాలో సిలికా జెల్‌తో పాటు ఫ్రిజ్‌లో పెట్టండి, వాడే ముందు కాసేపు బయట ఉంచి గది వేడికి రానివ్వండి. చెక్క జిగురు సీసా మీద విప్పిన తేదీ రాయండి. జిగురు తీగలు సాగుతున్నా, ఉండలు కట్టినా కస్టమర్ గిటార్ మీద ప్రయోగం చేయొద్దు.

చెక్క సంగతి వేరు. బ్రిడ్జ్‌లకు, ఫింగర్‌బోర్డ్ అతుకులకు జిట్రేగి ముక్కలు తెస్తాం కదా, వాటి కొసలకు మైనం పూసి, మీద తేదీ రాసి, గాలి ఆడే పై అరలో కొన్ని నెలలు వదిలేయాలి. తెచ్చిన వారానికే బ్రిడ్జ్ చేసి అంటిస్తే, ఆ గిటార్ ఏసీ గదిలోకి వెళ్లగానే చెక్క ముడుచుకుని అంచులు లేస్తాయి.

కింది అర ఖాళీగా ఉంచండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కిటికీ అద్దం పగిలి షాపులోకి నీళ్లొచ్చాయి, నేలకు ఆనించి పెట్టిన ప్రతి అట్టపెట్టె నానిపోయింది. అప్పటి నుంచి నా రాక్‌లలో మొదటి అర నేలకు అడుగున్నర ఎత్తులో ఉంటుంది. ఆ తర్వాత రోజుల తరబడి ఊళ్లో కరెంటు లేదు, కంప్యూటర్లో రాసుకున్నది చూడడానికి కూడా లేకపోయింది. పై అరలో ఉన్న నోటు పుస్తకం చూసే ఎవరి గిటార్ ఎక్కడుందో, ఏం పోయిందో లెక్క తేల్చాను.

పుస్తకం, జాబ్ కార్డు

అందుకే ఇప్పటికీ పుస్తకమే మొదటిది, ఫోన్లో షీట్ దానికి నకలు. పుస్తకంలో పార్టుకి ఒక పేజీ. పైన కొలతలు, ఏ అర ఏ డబ్బా, ఆర్డర్ పెట్టాల్సిన అంకె, చివరిసారి కొన్న ధర. కింద వరసగా తేదీ, వచ్చింది, పోయింది, మిగిలింది. పోయిన చోట జాబ్ నంబర్ తప్పకుండా ఉండాలి. ప్రతి శనివారం రాత్రి ఆ వారం రాసిన పేజీలు ఫోన్లో ఫొటో తీయండి, రెండు నిమిషాల పని.

రాయాల్సింది డబ్బాలోంచి పార్టు తీసిన క్షణంలో, సాయంత్రం గుర్తు చేసుకుని కాదు. అది అందరికీ అలవాటు కాదని నాకు తెలుసు, ఒక చేత్తో సోల్డరింగ్ ఐరన్, ఎదురుగా కస్టమర్, ఎవరు రాస్తారు? అందుకే పుస్తకం బదులు జాబ్ కార్డు మీద రాయమని కుర్రాడికి చెప్పాను, కార్డు ఎలాగూ గిటార్ పక్కనే ఉంటుంది. కార్డులో వాడిన పార్టుల గడి నింపకపోతే బిల్లు రాయడానికి వీల్లేదు, ఇది ఒక్కటే నియమం. రాత్రి షాపు మూసేముందు కార్డుల నుంచి పుస్తకంలోకి ఎక్కిస్తాం. ఈ పద్ధతి వచ్చాక వేసి బిల్లులో రాయడం మరిచిపోయిన జాక్‌లు, పాట్‌లు ఆగిపోయాయి. అంతకుముందు అవి నెలకు ఎన్ని పోయేవో చెప్పడానికి కూడా నా దగ్గర లెక్క లేదు.

ఇంకొకటి, కస్టమర్ సరే అన్న వెంటనే ఆ పనికి కావాల్సిన పార్టులు డబ్బాలోంచి తీసి, జాబ్ నంబర్ రాసిన జిప్ కవర్లో వేసి గిటార్ కేసుకు కట్టేయండి, పని వచ్చే వారం చేసేదైనా సరే. లేకపోతే చివరి 500 కె పాట్ మీద ఇద్దరికి మాట ఇచ్చేస్తారు. డబ్బాలో ఉన్నదంతా ఎవరికైనా వాడొచ్చు, కవర్లో ఉన్నది ఫలానా వాళ్లది, ఈ తేడా కుర్రాడికి తెలిస్తే సగం గొడవలు రావు.

పాత గిటార్ల నుంచి తీసిన పార్టులకు కూడా పేజీ ఉండాలి, కానీ "పాతది" అని వేరే రంగు సిరాతో రాసి, వేరే డబ్బాలో పెట్టి, కస్టమర్‌కి పాతదని చెప్పే వేయాలి. మెడ విరిగి బాగుపడని గిటార్ ఒకటి దొరికితే కీలు, బ్రిడ్జ్ పిన్నులు, స్ట్రాప్ బటన్లు, స్క్రూలు, ఒక్కోసారి ట్రస్ రాడ్ (మెడ లోపలి ఇనుప కడ్డీ) కవరు కూడా పనికొస్తాయి. తీసిన రోజే కొలిచి, కీ అయితే తిప్పి చూసి, జాక్ అయితే కేబుల్ పెట్టి కదిలించి, బాగున్నవే ఉంచండి. తర్వాత చూద్దామని ఒక డబ్బాలో పోసిన రోజు మళ్లీ ఆ దుప్పటి దగ్గరికే వెళ్తారు.

సరుకు వచ్చినప్పుడు

పార్సిల్ విప్పేటప్పుడు ఫోన్లో వీడియో తీయండి. పది రూపాయల పార్టులైనా సరే, ప్రతి రకంలో ఒకటి కాలిపర్‌తో కొలవండి, పాట్‌లైతే ప్రతి ఒక్కటీ మల్టీమీటరుతో చూడండి. అంకె అటూ ఇటూ 20 శాతం దాకా ఉండడం మామూలే, అంతకు మించితే పక్కన పెట్టండి. ఒక సప్లయర్ నుంచి బోన్ నట్‌లని తెప్పిస్తే సగం ప్లాస్టిక్‌వి వచ్చాయి. రెండు నెలల తర్వాత ఒకటి అరగదీస్తుంటే కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చి అప్పుడు గానీ తెలియలేదు, ఎముకైతే అరగదీసినప్పుడు వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. అప్పటికి వాపసు ఇచ్చే గడువు దాటిపోయింది. ఇప్పుడు వచ్చిన రోజే ఒక ముక్క అంచు గీకి చూస్తాను.

బిల్లులు నెలవారీగా ఫైల్ చేయండి. జీఎస్టీ ఉన్నవాళ్లకు సంగీత వాయిద్యాల విడిభాగాల హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (పన్ను కోసం సరుకు రకానికి ఇచ్చే నంబర్) 9209, బిల్లు మీద అది సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. పార్టు ధర పెరిగిందని తెలిసిన రోజే పుస్తకంలో పేజీ పైన అంకె మార్చండి, కస్టమర్‌కి పాత ధర చెప్పేసి తర్వాత నాలుక్కరుచుకోవడం కంటే అది సులువు. ధర చెప్పేటప్పుడు తెప్పించిన ఖర్చు కూడా కలపండి. రెండు వందల పార్టుకి ఎనభై కొరియర్ అయితే అది రెండు వందల ఎనభై పార్టే.

మిగిలింది వారం వారం చూసుకోవడం. సోమవారం పొద్దున్న షాపు తెరవగానే పదహారు రకాల్లో నాలుగు తీసి లెక్కపెట్టి పుస్తకంతో సరిచూస్తాను, నెలకు ఒకసారి అన్నీ తిరుగుతాయి. తేడా వస్తే అంకె దిద్దేసి ఊరుకోను, ఆ వారం జాబ్ కార్డులన్నీ తీసి ఎక్కడ తప్పిందో చూస్తాం. చాలాసార్లు దొరుకుతుంది, ఒక పార్టు పాడై పారేసి ఉంటాం, లేదా ఎవరో తెలిసినవాళ్లకు ఊరికే ఇచ్చి ఉంటాం. పారేసినది "పాడైంది" అని, ఇచ్చినది "ఇచ్చాం" అని అదే పేజీలో రాయాలి, అవి కూడా పోయిన సరుకే. ఏడాది దాటి కదలని పార్టు ఏదైనా ఉంటే దాని పేజీ మూల మడిచి, ఊళ్లో పని చేసే మిగతా రిపేర్‌వాళ్లకు ఫొటో, కొలతలు పంపి అడుగుతాను. కొన్న ధరకే ఇస్తాను, లేదా నాకు కావాల్సిన దానితో మార్చుకుంటాను. ఆ లాకింగ్ బ్రిడ్జ్ చివరికి అలాగే పోయింది, దాని బదులు 10 మి.మీ. కీలు ఎనిమిది సెట్లు వచ్చాయి, నాలుగు క్రోమ్, నాలుగు నలుపు.